ఇంటి కథ రాసేవాళ్లకి పనికొచ్చే చాప్లిన్ జీవితం

మాకు వచ్చే రచనల్లో జ్ఞాపకాలకి ఎప్పుడూ పెద్ద పీటే. హోసూరు, బరంపురం, షోలాపూర్, కోలారు, యానాం, ఏ ఊరి తెలుగువాళ్లయినా వయసు మీద పడ్డాక కాగితం, కలం పట్టుకుని ఇంటి కథ రాయాలని కూర్చుంటారు. రాయవలసిందే. 1936లో ఒడిశా విడి రాష్ట్రమై బరంపురం అటు వెళ్లిపోయినప్పుడు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. 1954లో యానాంలో ఫ్రెంచివారి జెండా దిగడం చూసిన పిల్లలకి ఇప్పుడు ఎనభై దాటింది. కోలారు బంగారు గనులు మూతపడి కూడా పాతికేళ్లు కావస్తోంది. మనవలేమో ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవడం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో. తాతగారి రాత కూడబలుక్కుని చదవడానికి ఒకసారి కూర్చుంటారు. మొదటి రెండు పేజీల్లో పట్టు చిక్కకపోతే ఇక ఆ కట్ట అటక ఎక్కినట్టే.

వచ్చే రాతల్లో ఎక్కువ భాగం పుట్టిన తేదీతో మొదలవుతాయి. తర్వాత గోత్రం, తాతముత్తాతల పేర్లు, చదువు, ఉద్యోగం, బదిలీలు, పిల్లల పెళ్లిళ్లు, రిటైర్‌మెంటు. అన్నీ నిజాలే. కానీ మనిషి కనబడడు. అందుకని ఈసారి సినిమా మనిషి ఒకరి జీవితం చెప్పుకుందాం. తన చిన్నతనాన్ని మొదట సినిమాలుగా తీసి, డెబ్బై అయిదేళ్ల వయసులో పుస్తకంగా ఇచ్చినవాడు చార్లీ చాప్లిన్. ఆ పుస్తకం పేరు ‘మై ఆటోబయోగ్రఫీ’, 1964లో వచ్చింది. దాదాపు అయిదువందల పేజీలు. అందులో మొదటి భాగం అద్భుతం, చివరి భాగం నీరసం అని మా అభిప్రాయం. ఈ తేడా ఎందుకు వచ్చిందో చూస్తే రాసేవాళ్లకి చాలా పని జరుగుతుంది.

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న లండన్‌లో, థేమ్స్ నదికి దక్షిణాన పేదలుండే పేటల్లో పుట్టాడు. తండ్రి, తల్లి ఇద్దరూ మ్యూజిక్ హాళ్లలో పాటలు పాడేవాళ్లు. మ్యూజిక్ హాలంటే మన సురభి నాటకం లాంటిది కాదు. పాట, హాస్యం, గారడీ అన్నీ ఒకే రాత్రి ఒకదాని తర్వాత ఒకటి నడిచే వినోదశాల. తండ్రి తాగుడికి బానిసై ఇల్లు వదిలేశాడు. తల్లి హానా ఇద్దరు కొడుకులతో మిగిలింది. పెద్దవాడు సిడ్నీ, చార్లీకంటే నాలుగేళ్లు పెద్ద, తల్లి ఒకటే.

చార్లీకి అయిదేళ్లప్పుడు ఆల్డర్‌షాట్ అనే సైనికుల ఊళ్లో తల్లి పాడుతూ ఉండగా గొంతు పోయింది. జనం గోల చేశారు. ఆమె లోపలికి వచ్చేసింది. ఏం చేయాలో తోచక మేనేజరు పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని స్టేజీ మీద నిలబెట్టాడు. వాడు తనకి వచ్చిన పాట ఎత్తుకున్నాడు. సైనికులు చిల్లర డబ్బులు విసిరారు. వాడు పాట ఆపేశాడు. డబ్బులు ఏరుకున్నాక మిగతాది పాడతానని చెప్పాడు. జనం పకపకా నవ్వారు. మేనేజరు జేబురుమాలు పట్టుకుని వచ్చి డబ్బులు ఏరడానికి సాయం చేస్తుంటే, ఈయన గారు వాటిని ఉంచేసుకుంటాడేమోనని పిల్లాడికి భయం పట్టుకుంది. ఆయన వెనకాలే వెళ్లి, అవి అమ్మ చేతిలో పడేదాకా చూసి, అప్పుడు వచ్చి పాడాడు. తర్వాత అమ్మ పాటల్లో ఒకటి అందుకుని, అమ్మ గొంతు బొంగురుపోయిన తీరు కూడా అచ్చం అలాగే చేసి చూపించాడు. ఎగతాళి అన్న ఊహ వాడికి లేదు. పాట అంటే అలాగే ఉంటుందనుకున్నాడు. జనం మళ్లీ నవ్వారు. అది పిల్లాడి మొదటి ప్రదర్శన, తల్లికి అదే చివరిది.

ఈ ఘట్టం పుస్తకంలో ఎంతో చోటు తీసుకోదు. అమ్మ జీవితం అక్కడితో కూలిపోయిందని, మేం బీదరికంలో పడ్డామని పెద్దగా వ్యాఖ్యానం పెట్టలేదు. పెట్టనవసరం లేదు. డబ్బులు ఏరుకుంటున్న పిల్లాడు ఒక పక్క, గొంతు పోయిన తల్లి ఇంకో పక్క, మధ్యలో నవ్వుతున్న జనం. చదివేవాడికి అంతా ఒకేసారి అర్థమైపోతుంది. సినిమా వాళ్లు దీన్నే సీను అంటారు. ఒక చోటు, ఒక గంట, ఒక పని, అందులోనే మొత్తం సంగతి.

అలాంటిదే గొర్రె కథ. వాళ్లుండే వీధి చివర కబేళా ఉండేది. ఒకరోజు గొర్రె ఒకటి తప్పించుకుని వీధిలో పడి పరుగెత్తింది. పట్టుకోబోయినవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతుంటే జనంతో పాటు చార్లీ కూడా పడీపడీ నవ్వాడు. చివరికి దాన్ని పట్టి కబేళాలోకి లాక్కుపోయారు. అప్పుడు వాడికి సంగతి తట్టి, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తి, దాన్ని చంపేస్తారమ్మా అని తల్లి కొంగు పట్టుకున్నాడు. తను తీసిన సినిమాలకి మూలం ఆ మధ్యాహ్నమేనేమో అని పెద్దయ్యాక చాప్లిన్‌కి అనిపించింది. నవ్వూ ఏడుపూ ఒకే గొర్రె వల్ల వచ్చాయి కదా. మన ఇళ్లలో చావు వార్తల మధ్య కూడా ఎవరో ఒకరు ఏదో అంటే అందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్న సందర్భాలుంటాయి. రాసేటప్పుడు మాత్రం బాగుండదని తీసేస్తాం. చాప్లిన్ అలాంటివి తీసేయలేదు.

తల్లి కుట్టుపని చేసి పిల్లల్ని సాకింది. కుట్టు మిషన్ కూడా పోయాక 1896లో ముగ్గురూ వర్క్‌హౌస్‌లో చేరారు. దిక్కులేని పేదలకి తిండి పెట్టి, పని చేయించుకుని, మగవాళ్లని, ఆడవాళ్లని, పిల్లల్ని వేరు వేరుగా ఉంచే ప్రభుత్వ ఆశ్రమం అది. పిల్లల్ని దూరాన హాన్‌వెల్ బడికి పంపేశారు. మళ్లీ 1898లో అదే పరిస్థితి. ఆ ఏడు ఆగస్టులో తల్లికి పిల్లల మీద బెంగ పట్టుకుంది. వర్క్‌హౌస్ వదిలి వెళ్లిపోతున్నామని అధికారులకి చెప్పి, సొంత బట్టలు తిరిగి తీసుకుని, పిల్లల్ని పిలిపించుకుని బయటికి వచ్చింది. వెళ్లడానికి ఇల్లు లేదు. ముగ్గురూ కెన్నింగ్టన్ పార్కుకి వెళ్లారు. సిడ్నీ దగ్గర దాచుకున్న తొమ్మిది పెన్నీలు ఉన్నాయి. దాంతో అరపౌను నల్ల చెర్రీ పళ్లు కొన్నారు. కాగితం ఉండచుట్టి దారం కట్టి బంతి చేసి ఆడుకున్నారు. మధ్యాహ్నం ఒక కేకు, ఒక ఎండుచేప, రెండు కప్పుల టీ ముగ్గురూ పంచుకున్నారు. తల్లి ఎండలో కూర్చుని లేసు అల్లింది. సాయంత్రం లేచి మళ్లీ వర్క్‌హౌస్‌కి వెళ్లి చేరారు. ఇచ్చిన బట్టలు తీసుకుని మళ్లీ ఆవిరి పట్టాలి కాబట్టి అక్కడి అధికారులు విసుక్కున్నారు.

అరపౌను చెర్రీలు, తొమ్మిది పెన్నీలు. అరవై ఏళ్ల తర్వాత రాస్తున్న మనిషికి ఇవి గుర్తున్నాయి. మేం చాలా బీదవాళ్లం అన్న వాక్యం ఎవరైనా రాయగలరు. ఆ వాక్యాన్ని కెమెరా ఫోటో తీయలేదు. చెర్రీ పళ్లని తీయగలదు. సినిమాకి ఉన్న ఈ ఇబ్బందే దాని బలం. కనబడేదీ వినబడేదీ తప్ప వేరే ఏదీ తెర మీద పెట్టడానికి లేదు. మూకీ సినిమాలో వినబడేది కూడా లేదు. పాతికేళ్లపాటు మాటలు లేకుండా కథ చెప్పినవాడు పుస్తకం రాయడానికి కూర్చుంటే వస్తువులు, చేతులు, ముఖాలు ముందు వస్తాయి. బీదరికం, త్యాగం, అభిమానం లాంటి పెద్ద పెద్ద మాటలు తర్వాత వస్తాయి, లేదా రానే రావు.

తండ్రి 1901లో 38 ఏళ్లకే పోయాడు. 1903 నాటికి పౌనాల్ టెర్రస్ అనే చోట, ఏటవాలు కప్పు ఉన్న పైగదిలో తల్లీ కొడుకూ ఉంటున్నారు. సిడ్నీ ఓడలో పనికి వెళ్లాడు. పద్నాలుగేళ్ల చార్లీ ఒకరోజు ఇంటికి వస్తుంటే గేటు దగ్గర పిల్లలు ఆపి, మీ అమ్మకి పిచ్చెక్కిందని చెప్పారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి పిల్లలకి బొగ్గు ముక్కలు పంచింది, పుట్టినరోజు కానుకలని. వాడు మేడ ఎక్కి చూస్తే తల్లి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. డాక్టరు చూసి ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు, తిండిలేక వచ్చిన జబ్బని చెప్పాడు. వాడు ఆమెని చెయ్యి పట్టుకుని మైలు దూరం నడిపించాడు. ఆమె తూలుతుంటే దారిన పోయేవాళ్లు తాగి ఉందనుకున్నారు. అక్కడ అప్పగించి ఒంటరిగా ఇంటికి వచ్చాడు. తర్వాత చూడడానికి వెళ్లినప్పుడు, ఆ మధ్యాహ్నం నువ్వు నాకు ఒక కప్పు టీ ఇచ్చి ఉంటే బాగానే ఉండేదాన్ని అని తల్లి చెప్పిందట. ఆ సంగతి రాసి, దాని మీద పెద్దగా ఏడవకుండా ముందుకు వెళ్లిపోతాడు చాప్లిన్. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సంపాదించిన నటుల్లో ఒకడైన మనిషి, ఇవ్వని ఒక కప్పు టీ గురించి డెబ్బై దాటాక రాశాడు.

ఇక్కణ్ణుంచి కథ వేగంగా పోతుంది, మనమూ వేగంగా పోవచ్చు. నాటకాల్లో చిన్న వేషాలు, 1908లో ఫ్రెడ్ కార్నో హాస్య బృందం, ఆ బృందంతో అమెరికా ప్రయాణం, 1913 చివర్లో కీస్టోన్ సినిమా కంపెనీలో వారానికి 150 డాలర్ల జీతం. 1914లో వదులు ప్యాంటు, బిగుతు కోటు, పెద్ద బూట్లు, చిన్న టోపీ, చేతికర్ర. 1916కల్లా మ్యూచువల్ కంపెనీ వారానికి పదివేల డాలర్లు, పైగా లక్షా యాభైవేలు బోనస్ ఇచ్చింది. 1919లో మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, గ్రిఫిత్‌లతో కలిసి సొంతంగా యునైటెడ్ ఆర్టిస్ట్స్ పెట్టాడు. ఇవన్నీ సినిమా చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి.

వాటిలో అంతగా కనబడని ఒక సంగతి మాత్రం మన రాసేవాళ్లు తెలుసుకోవాలి. 1916లోనే చాప్లిన్ జీవితకథ అంటూ ఒక పుస్తకం తయారైంది. రోజ్ వైల్డర్ లేన్ అనే రచయిత్రి ఆయనతో మాట్లాడి, ఆయనే చెబుతున్నట్టు రాసింది. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ కల్పనలు కలిశాయి. చాప్లిన్ అభ్యంతరం చెప్పి దాన్ని బజారులోకి రాకుండా ఆపించాడు. డబ్బిచ్చి జీవితకథ రాయించుకోవడం ఇప్పుడు మన ఊళ్లలోనూ మొదలైంది. రాసిపెట్టేవాళ్లు అందంగానే రాస్తారు. ఆ అందం కోసం అమ్మమ్మ నోట ఆమె ఎన్నడూ అనని మాటలు పెట్టేస్తారు. ఒక తరం పోయాక అవే నిజమైపోతాయి. సినిమా దగ్గర నేర్చుకోవలసింది సీను కట్టడం. సంఘటన కల్పించడం మాత్రం సినిమాకే చెల్లుతుంది.

చాప్లిన్ ఆ తేడా పాటించిన తీరు ‘ది కిడ్’లో చూడొచ్చు. 1919 జూలైలో ఆయనకి మొదటి కొడుకు పుట్టి మూడు రోజులకే పోయాడు. కొద్ది రోజుల్లోనే స్టూడియోలో పసిపిల్లల్ని ఎంపిక చేయడం మొదలుపెట్టాడు. వీధిలో దొరికిన బిడ్డని పెంచే దిమ్మరి కథ అది. వాళ్లుండే గది ఏటవాలు కప్పుతో అచ్చం పౌనాల్ టెర్రస్ గదిలా ఉంటుంది. అయిదేళ్ల పిల్లాణ్ణి అనాథాశ్రమం వాళ్లు లారీలో ఎక్కించుకుపోతుంటే దిమ్మరి ఇళ్ల కప్పుల మీద నుంచి పరుగెత్తి పట్టుకుంటాడు. హాన్‌వెల్‌కి బండిలో వెళ్లిన పిల్లాడి కోసం ఎవరూ అలా పరుగెత్తి రాలేదు. సినిమాలో పరుగెత్తించాడు. ఆత్మకథలో మాత్రం ఎవరూ రాలేదనే రాశాడు. అక్కడ కల్పన, ఇక్కడ నిజం, రెంటినీ కలపలేదు.

ఆ లారీ సీనులో జాకీ కూగన్ అనే ఆ బాలనటుడు ఎంతకీ ఏడవలేదట. వాడి తండ్రి వచ్చి, ఏడవకపోతే నిన్ను స్టూడియో నుంచి తీసుకుపోయి వర్క్‌హౌస్‌లో పడేస్తారని చెవిలో చెప్పాడు. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. చాప్లినే భయపడిపోయి వాణ్ణి సముదాయించాడు. నాన్న ఉత్తినే అన్నాడని నాకు తెలుసులే అన్నట్టు పిల్లాడు గుసగుసగా చెప్పాడట. వర్క్‌హౌస్‌లో నిజంగా ఉండి వచ్చినవాడు కెమెరా వెనక ఉన్నాడు. పుస్తకంలో ఈ సంగతి నవ్వుగా రాసి వదిలేశాడు. ముడి మనమే విప్పుకోవాలి.

తర్వాత ‘సిటీ లైట్స్’. 1928 డిసెంబరులో మొదలుపెట్టి 1931 జనవరి చివర విడుదల చేశాడు. అప్పటికి మాటల సినిమాలు వచ్చేశాయి. ఈయన మాత్రం మాటల్లేకుండానే తీశాడు. గుడ్డి పూలమ్మాయి దిమ్మరిని కోటీశ్వరుడనుకోవాలి. ఎలా అనుకుంటుంది? కథంతా దాని మీదే నిలబడి ఉంది. నెలల తరబడి తేలలేదు. ఆ సీను 342 సార్లు తీశారని లెక్క చెబుతారు. చివరికి దొరికిన ఉపాయం ఇది. రోడ్డు మీద కార్లు ఆగిపోయి ఉంటే దిమ్మరి దాటడానికి దారిలేక ఆగి ఉన్న ఒక పెద్ద కారులో ఇటు ఎక్కి అటు దిగుతాడు. తలుపు మూసిన చప్పుడు విని, ఎవరో ధనికుడు కారు దిగాడనుకుని అమ్మాయి పువ్వు చాపుతుంది. వాడు నాణెం ఇస్తాడు. అంతలో కారు యజమాని వచ్చి ఎక్కి వెళ్లిపోతాడు. చిల్లర తీసుకోకుండానే ఆ బాబు వెళ్లిపోయాడని ఆమె అనుకుంటుంది. దిమ్మరి చప్పుడు చేయకుండా పక్కకి జరుగుతాడు.

మూకీ సినిమాలో మొత్తం కథ ఒక చప్పుడు మీద నడవడం తమాషా. మనకి కావలసింది ఇంకొకటి. జ్ఞాపకం రాసేటప్పుడు ఆ సంగతి మీకు ఎలా తెలిసిందో చెప్పారా? నాన్నగారి ఉద్యోగం పోయిందని రాస్తాం. అది పిల్లలకి ఎలా తెలిసింది? ఆ రోజు ఆయన సైకిల్ బెల్లు మధ్యాహ్నమే వినిపించిందా? అమ్మ పాలవాడితో రేపటి నుంచి సగమే చాలని చెప్పిందా? కోలారులో గని మూతపడిన ఇళ్లలో, షోలాపూర్‌లో మిల్లు ఆగిపోయిన ఇళ్లలో అలాంటి చప్పుడు ఒకటి తప్పకుండా ఉండి ఉంటుంది. నిజంగా జరిగింది గుర్తు తెచ్చుకోవడానికి 342 సార్లు కాకపోయినా ఒక నాలుగుసార్లయినా కూర్చోవాలి. మొదటిసారికి గుర్తొచ్చేది ఎప్పుడూ పదిమందికి చెప్పీ చెప్పీ అరిగిపోయిన ముక్కే.

మాటల్లేకుండా కథ చెప్పడం మన సింగీతం శ్రీనివాసరావు గారూ చేసి చూపించారు. 1987లో ఆయన తీసిన ‘పుష్పక విమానం’లో డైలాగే లేదు. తీసింది బెంగళూరులో. తెలుగు దర్శకుడు, కన్నడ నిర్మాత, తమిళ హీరో; ఏ రాష్ట్రంలోనూ డబ్బింగ్ చేయవలసిన పని పడలేదు. ‘సిటీ లైట్స్’ దొరకనివాళ్లు ముందు అదైనా ఇంకోసారి చూడండి, ఈసారి కాగితం పక్కన పెట్టుకుని.

‘సిటీ లైట్స్’ విడుదలయ్యాక చాప్లిన్ ఐరోపా తిరిగాడు. 1931 సెప్టెంబరు 22న లండన్‌లో, రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీగారిని ఒక భారతీయ డాక్టరు ఇంట్లో కలిశాడు. యంత్రాలంటే ఎందుకు పడదని అడిగాడు. యంత్రాల వల్లే ఇండియా ఇంగ్లండుకి లొంగిపోయిందని, అందుకే నూలు వడకడం, బట్ట నేయడం దేశభక్తి అయిందని గాంధీగారు వివరించారు. మగ్గం మీద బతికి షోలాపూర్, భివండి చేరిన మన కుటుంబాలకి ఆ మాటల వెనక ఏముందో వేరే చెప్పక్కర్లేదు. పుస్తకం రెండో సగంలో బాగున్న కొద్ది పేజీల్లో ఇదొకటి. ఎందుకంటే అక్కడ చాప్లిన్ గొప్పతనం చెప్పుకోలేదు. ఏం మాట్లాడాలో తెలియక గొంతు సవరించుకోవడం, కొల్లాయి మడతలు సర్దుకుంటూ గాంధీగారు టాక్సీ దిగడం, సాయంత్రం నేల మీద కూర్చుని ప్రార్థన చేయడం, ఇవి రాశాడు. పెద్ద మనిషి పక్కన కూర్చున్నా కన్ను పనిచేస్తూనే ఉంది.

మిగతా రెండో సగం అలా ఉండదు. ఫలానా దొరగారింట్లో విందు, ఫలానా రచయితతో భోజనం, ఫలానా రాజకుటుంబీకుడి పరామర్శ. పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఆయనకి మూడున్నర దశాబ్దాలపాటు కెమెరా పట్టిన రోలీ టోథెరో లాంటి పనివాళ్లకి ఇచ్చిన చోటు చాలా కొంచెం. రెండో భార్య పేరే రాయలేదు. ఎదిగిన కొడుకులిద్దరు ఉన్నారు కాబట్టి వివరాల్లోకి పోనని రెండు ముక్కల్లో దాటేశాడు. దాన్ని మేం తప్పుపట్టం. బతికి ఉన్నవాళ్ల పరువు పుస్తకం కంటే పెద్దదని ఆయన అనుకున్నాడు, అనుకున్నట్టు పైకి చెప్పాడు కూడా. కానీ ఆ గొడవల రోజుల్లో తీసిన ‘ది సర్కస్’ సినిమా ఊసే పుస్తకంలో లేదు. ఆ సినిమాకి మొట్టమొదటి ఆస్కార్ ఉత్సవంలోనే ప్రత్యేక బహుమతి వచ్చింది. చదివేవాడికి ఆ గొయ్యి కాలికి తగులుతుంది.

మన వాళ్ల రాతల్లోనూ ఇదే వరస. చిన్నతనం పేజీల్లో చింతచెట్టు, చద్దన్నం, బడి గంట ఉంటాయి. ఉద్యోగం రాగానే కలెక్టరు గారు సన్మానించారు, మంత్రిగారు మెచ్చుకున్నారు. సన్మానం ఫోటోలో అందరూ కెమెరా వైపే చూస్తుంటారు. అందులో సీను లేదు.

1952లో ‘లైమ్‌లైట్’ తీశాడు. జనం నవ్వడం మానేసిన ముసలి హాస్యగాడి కథ, 1914 నాటి లండన్. ఈ సినిమాకి ముందు ఆయన చేసిన పని విచిత్రమైంది. స్క్రిప్టు రాయడానికి ముందు అదే కథని ‘ఫుట్‌లైట్స్’ పేరుతో నవలలా రాసుకున్నాడు, ముప్పై వేల మాటలకు పైగా. పాత్రల తల్లిదండ్రుల సంగతులు, సినిమాలో కనబడని సంగతులు అన్నీ అందులో ఉన్నాయి. అది అచ్చవడానికి ఉద్దేశించింది కాదు; 2014లో గాని బయటికి రాలేదు. అంతా రాసి, అందులోంచి తెర మీదికి కావలసింది తీసుకున్నాడు. పిల్లలు కంప్యూటర్‌లో కొట్టిపెడతారని కాబోలు, మనలో చాలామంది మొదటి రాతనే అచ్చుకి ఇచ్చేస్తున్నారు.

ఆ సెప్టెంబరులో భార్య ఊనా, పిల్లలతో లండన్‌లో సినిమా విడుదల కోసం ఓడ ఎక్కాడు. ఓడ నడిసముద్రంలో ఉండగా అమెరికా ప్రభుత్వం ఆయన తిరిగి రావడానికి ఇచ్చిన పర్మిటు రద్దు చేసింది. కమ్యూనిస్టు అనుమానం, నడవడి మీద ఆరోపణలు. నలభై ఏళ్లు అక్కడ ఉన్నా పౌరసత్వం తీసుకోకపోవడం కూడా ఆయన మీద నేరంలా మోపారు. ఎక్కడ బతికితే అక్కడివాడు కాదనిపించుకోవడం ఎలా ఉంటుందో మన పాఠకుల్లో కొందరికి తెలుసు. ఆయన స్విట్జర్లండ్‌లో వెవే దగ్గర ఇల్లు కొనుక్కుని 1953 నుంచి అక్కడే ఉండిపోయాడు. ఆత్మకథ రాసింది ఆ ఇంట్లోనే. కిటికీ బయట సరస్సు, కొండలు. కాగితం మీద మాత్రం పౌనాల్ టెర్రస్.

1992లో రిచర్డ్ ఆటెన్‌బరో ఈ ఆత్మకథని, డేవిడ్ రాబిన్సన్ రాసిన జీవితచరిత్రని ఆధారం చేసుకుని ‘చాప్లిన్’ సినిమా తీశాడు. రాబర్ట్ డౌనీ జూనియర్ చాప్లిన్‌గా వేశాడు. హానా వేషం వేసింది చాప్లిన్ కూతురు జెరాల్డిన్; అంటే సొంత నాయనమ్మ పాత్ర. అందులో పుస్తకం అచ్చువేసే ఎడిటరు ఒకడు వెవే ఇంటికి వచ్చి, ఇది రాయలేదేం, అది దాటేశారేం అని ముసలి చాప్లిన్‌ని నిలదీస్తుంటాడు. ఆ ఎడిటరు పాత్ర కల్పితం. పుస్తకంలో ఉన్న గోతులు సినిమా వాళ్లకీ కనబడ్డాయి, అడిగే మనిషి ఒకడు పక్కన ఉంటే బాగుండేదనిపించింది, సృష్టించారు. మీ ఇంట్లో అలాంటి ఎడిటరు ఇప్పటికే ఉండొచ్చు. సాధారణంగా మనవరాలు. తెలుగు చదవడం రాకపోయినా వినడం వచ్చు. మీరు రాసింది పైకి చదివితే, అప్పుడు నాయనమ్మ ఏం చేసింది తాతయ్యా అని ఎక్కడ అడుగుతుందో అక్కడ గుర్తు పెట్టుకోండి.

తల్లి సంగతి చెప్పాలి. హానా మతి పూర్తిగా కుదుటపడలేదు. 1921లో కొడుకులు ఆమెని కాలిఫోర్నియా రప్పించి, సముద్రం దగ్గర ఇల్లు తీసి, మనుషుల్ని పెట్టి చూసుకున్నారు. 1928 ఆగస్టులో పోయింది. ‘సిటీ లైట్స్’ మొదలుపెట్టడానికి నాలుగు నెలల ముందు.

1972లో ఆస్కార్ వాళ్లు గౌరవ పురస్కారం ఇస్తామంటే చాప్లిన్ ఇరవై ఏళ్ల తర్వాత అమెరికా వెళ్లి వచ్చాడు. 1975లో ఇంగ్లండు రాణి సర్ బిరుదు ఇచ్చింది. 1977 డిసెంబరు 25న వెవే ఇంట్లో నిద్రలోనే పోయాడు. ఆ చివరి ఏళ్లలో పాత సినిమాలు ఒక్కొక్కటే తీసి మళ్లీ విడుదలకి సిద్ధం చేస్తూ ఉండేవాడు. 1971లో ‘ది కిడ్’ బయటికి తీశాడు. అప్పటికి ఆయనకి 82 ఏళ్లు, సినిమాకి యాభై. బిడ్డని వదిలేసిన తల్లి ఒంటరిగా బాధపడే సీన్లు కొన్ని ఆయనకి ఎక్కువనిపించాయి. వాటిని కత్తిరించి తీసేశాడు. మిగిలినదానికి సంగీతం తనే కట్టాడు.